ఈ ఇరవై నాలుగు

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి
గిన్నెలు కడిగే మిషను మూడుసార్లు కూసి,
ఒక అక్షరం, రెండంకెలు చూపించి ఊరుకుంది.
తలుపు తీస్తే
అడుగున బూడిదరంగు నీళ్ళు,
వాటి మీద తెప్పలా ఒక కరివేపాకు.

హొరమావులో ట్యాంకరు వచ్చి మూడు రోజులు.
కుళాయి తిప్పితే గాలి బుసకొడుతోంది.
మేడమీద తొట్టిలో మిగిలిన కాస్తా
దీని కడుపులోనే పోశాం.
ఇది పట్టుకు కూర్చుంది.

ఫణి పుస్తకం తెరిచాడు.
మొదటిది: జల్లెడ తీసి కడగండి.
ఆవాలు, నిమ్మగింజ, మాత్రల అట్ట మీది వెండి రేకు.
పాత టూత్‌బ్రష్షుతో తోమి బిగించాం.
మళ్ళీ కూసింది.
రెండోది: గొట్టం మెలిక పడిందేమో చూడండి.
సింకు కింద తల దూర్చి, సెల్లు పళ్ళతో కరిచిపట్టి
వెతికాడు. మెలిక లేదు.
పోయిన దీపావళి నుంచి కనబడని కుక్కరు విజిలు దొరికింది.
మూడోది: కంపెనీకి ఫోను చేయండి.
బుధవారం వస్తారట. గడప తొక్కితే ఆరు వందలు.

నేను పచ్చడి గరిటెతో నీళ్ళు తోడాను.
నూట పద్దెనిమిది గరిటెలు, అర బకెట్టు.
ఆ ఉప్పు, ఆ సబ్బు, మొక్కలకు పొయ్యలేను.
పారబోయడానికి చెయ్యి రాలేదు.
బాత్రూములో మూలకి పెట్టాను.

పొద్దున్నే చౌడమ్మ వచ్చింది,
మా ఇంటికి కాదు, పై అంతస్తుకి.
ఆరేళ్ళు మా గిన్నెలు తోమిన మనిషి.
ఈ మిషను కొన్న నెలలో
"ఇంక వద్దులే చౌడమ్మా" అన్నది నేను.
ఆ రోజు ఫణి చాలాసేపు స్నానం చేశాడు.

తలుపు తెరిచుండటం చూసి ఆగింది.
"ఏమక్కా, మీ కొత్త పనిమనిషికి ఒళ్ళు బాగలేదంట?"
అదే బాగేపల్లి తెలుగు,
అంచున కొంచెం కన్నడం.

మోకాళ్ళ మీద కూర్చుని మిషనుకి చెవి ఆనించింది.
"తిప్పు సామీ."
ఫణి మీట నొక్కాడు. లోపలెక్కడో సన్నటి మూలుగు.
"మోటారు బాగుండాది.
తిరగాలనే సూస్తాండాది పాపం.
కాలికి ఏందో సుట్టుకోనుండాది.
కరెంటు పీకు."

ప్లగ్గు పీకాం.
కొంగు దోపి, జల్లెడ కింది గుంటలో చెయ్యి పెట్టింది.
కళ్ళు మాత్రం కిటికీ అవతల,
ఎదుటి మేడ మీద ఎవరో ఆరేసిన దుప్పటి మీద.
చిన్న మూత ఒకటి టక్కుమని ఊడింది.
మూడు వేళ్ళు అటూ ఇటూ ఆడించి
లాగింది:
మునక్కాయ పీచు, జానెడు,
ఎవరో ఒడిలో పెట్టుకుని పేనినట్టు.

శుక్రవారం నాటి పులుసు.
పళ్ళాలు దులపకుండా లోపల పెట్టిందెవరో
ఫణీ నేనూ మాట్లాడుకోలేదు.
ఆవిడ ఏదైనా అంటుందని చూశాను.
పీచు నా అరచేతిలో పెట్టి
"ఇన్నూరు" అంది.

ఫణి సెల్లు తీశాడు.
ఆవిడ పర్సులోంచి గళ్ళ బొమ్మ అచ్చువేసిన అట్ట తీసింది.
తెర మీద పేరు పడింది: ఎం. చౌడేశ్వరి.
ఆరేళ్ళూ వంటింటి క్యాలెండరులో
జీతం రోజు పక్కన "చౌ" అని రాసేదాన్ని.

బాత్రూము నుంచి రాత్రి బకెట్టే తెచ్చి
మళ్ళీ దానికే పోశాం.
మీట నొక్కితే
గొట్టం రెండుసార్లు దగ్గి,
ముసలాయన కాఫీ తాగినట్టు జుర్రుమని
సింకు గొంతులోకి వదిలేసింది.

ఆవిడ అప్పటికే మెట్ల మీద ఉంది.
"పోతాండాయా?" పైనుంచి కేక.
"పోతున్నాయి!" అన్నాను.
తలుపేసిన చప్పుడైంది. అంతే.

బుధవారం మనిషి రానక్కర్లేదని చెబుదామని
కంపెనీకి ఫోను చేశాను.
వరుసలో నాది పదకొండో నంబరట.
చేతిలో పీచు ఇంకా తడిగానే ఉంది.