నలభైమూడు

నరీన్‌లో మా క్యాంపస్‌కి ఒకటే నోటీసు బోర్డు.
సగం తప్పిపోయిన గొర్రెల గురించే.
మిగతా సగంలో, అక్టోబరులో, ఒక చీటీ:
“వాతావరణ కేంద్రానికి విద్యార్థి కావలెను.
రాత్రిపూట. కోటు ఎవరిది వారిదే.”

పదకొండుమందిమి చదివాం.
ఐజిరెక్ చీటీ పీకి జేబులో పెట్టుకుంది.

ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి
టార్చి పళ్లతో కరిచిపట్టి
మంచులో కర్ర దించి అంకె రాస్తుంది.
ఎనిమిదింటి క్లాసులో మాగన్ను.
మాస్టారు లేపరు.
ఆ అంకె రేడియోలో విన్నాకే
ఆయన బండి తీశారు.

నిన్న క్యాంటీన్‌లో లారీ డ్రైవరొకడు
టీ ఊదుకుంటూ అన్నాడు:
“కనుమలో నలభైరెండు సెంటీమీటర్లట. ఇక్కడే ఆగిపోయా.
నాకంటే ముందెళ్లినవాడి కబురింకా లేదు.”

ఐజిరెక్ రొట్టె నమలడం ఆపి,
తల ఎత్తకుండానే,
“నలభైమూడు” అంది.