ఞాందే

గోడ మీద కాగితం. ఒక మూల టేపు ఊడింది.
రెండో ఏడాది విద్యార్థులు కావాలి,
రెండు భాషల పిల్లల బుర్రలు ఎలా ఎదుగుతాయో చూడటానికి.
జీతం లేదు. బస్సు ఛార్జీలిస్తాం.
గ్వారానీ వస్తే మంచిది.

ఆ ఆఖరి ముక్క నీమియా మూడుసార్లు చదివింది.
వాళ్ళమ్మమ్మను బళ్ళో ఆ మాటలకే
మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళు వేయించారు.
మంచిదని అచ్చులో చూడటం ఇదే మొదలు.

సాన్ లొరెన్సోలో ఎర్రమట్టి సందు, కిర్రుమనే ఫ్యాను.
ఎదురుగా దెర్లిస్, నాలుగేళ్ళు, ఒక కాలికే చెప్పు.
నీలం కార్డులిటు, పసుపువి అటు.
సరే, ఇప్పుడు రంగు మర్చిపో,
చేపలిటు, పడవలటు.
వాడు తడబడలేదు.
మధ్యలో చిపా రొట్టె తుంచి
నీకూ కావాలా అని స్పానిష్‌లో ఎత్తుకుని గ్వారానీలో దించాడు.
స్టాప్‌వాచీకి అదేం పట్టలేదు.

చివర్లో అట్టముక్కల ఇల్లు.

స్పానిష్‌లో మాదన్నా మనదన్నా ఒకటే మాట.
గ్వారానీకి రెండున్నాయి, మనకున్నట్టే.
ఒరే అంటే మేము. నవ్వకండి,
మనకి ఒరే పిలుపు, వాళ్ళకి ఒరే తలుపు:
లోపల మేము, బయట నువ్వు.
రెండోది ఞాందే.
పలక మీద దిద్ది మళ్ళీ జన్మలో ముట్టని ఆ ఞ
అక్కడి పిల్లల నోట్లో పొద్దస్తమానం నానుతుంది.
ఞాందే అంటే మనం.
నువ్వు కూడా.

దెర్లిస్ బొమ్మల్ని ఇంట్లో సర్దాడు,
అమ్మ, మామ్మ, తను, కుక్క.
కాసేపు చూసి,
నీమియా పెన్ను మూత లాక్కుని
కుక్క పక్కన నిలబెట్టాడు.
ఇదెవరిల్లు?
ఞాందే, అన్నాడు,
ఇది కూడా అడగాలా అన్నట్టు.

రాత్రి హాస్టల్లో వీడియో, పట్టిక.
ఉత్తమ పురుష, బహువచనం, ఒక టిక్కు. అంతే గడి.
ఏడుసార్లు వెనక్కి తిప్పింది.
పరిశీలకులు వాక్యంలోకి రాకూడదని
శిక్షణలో మొదటి రోజే చెప్పారు.
వాడికెవరూ చెప్పలేదు.
స్కేలు కనపడలేదు, చేత్తోనే
అంచున పెన్సిల్‌తో ఇంకో నిలువు గీత గీసింది వంకరగా.
దాని పైన ఏం పేరు రాయాలి?
డాక్టర్ సల్దీవర్ చూస్తే చెరిపేయమంటుందేమో.

పెన్ను మూత వాడి దగ్గరే ఉండిపోయింది.
రేపు అడగాలి.
ఏ భాషలోనో ఇంకా అనుకోలేదు.