బాల్చీ

డాండెనాంగ్‌లో డయాలసిస్ వార్డు. సోమ, బుధ, శుక్ర.
నాలుగో కుర్చీ తిలగవతి గారిది,
ఐదోది విమలదాస గారిది.
సూదులు నావి.
రక్తం గురించి ఇక్కడెవరూ కవిత్వం చెప్పరు.
గొట్టంలోంచి పోతుంది, కడుక్కుని వస్తుంది,
అంతే, నాలుగు గంటలు.

మూడేళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు.
గంటకి పది మాటలు, అవీ ఇంగ్లీషులో:
టీలో పంచదార, మోకాళ్ళు,
టీవీలో ఇద్దరికీ అంతుపట్టని ఫుటీ ఆట.
ఒక్కసారి మాత్రం లెక్కలు తీశారు,
మావాళ్ళింతమంది, మావాళ్ళింతమంది,
సంతలో బేరంలా, ఎవరూ ఒక్కరిని కూడా తగ్గించకుండా.
చివరికి ఆయనన్నాడు: "నేనైతే ఏమీ చేయలేదు."
ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

జులైలో వార్డు కప్పు కారింది.
చినుకు చెప్పు మీద పడుతుంటే
నిద్రమత్తులో ఆయన నోట సొంత భాష జారింది:
"బాల్దియ! ఎవరైనా బాల్దియ!"

కూత పెట్టింది ఆమె మిషన్.
బీపీ పడిపోయింది. కాళ్ళు పైకెత్తాను, సెలైన్ వదిలాను.
కళ్ళు తెరిచి నాతో తమిళంలో ఏదో అంది,
నాకు రాదన్నది మరిచిపోయి.

తర్వాత చెప్పింది, గోడవైపు తిరిగి.
కొలంబోలో, అలాంటి ఒక జులైలో, బస్సు ఆపి
ఒక బాల్చీ ఎత్తి చూపించి, ఇదేమిటి, అని అడిగారట.
ఆమె 'బ' పలికింది. పక్కింటి పిల్లలతో ఆడుకున్న నోరు.
తమ్ముడు 'వాల్ది' అన్నాడు.
పదిహేడేళ్ళు. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు.

ఆ మాట మాక్కూడా ఉందని ఆమెకి చెప్పలేదు.
బాల్చీ.
ఎంత తేలిగ్గా తిరుగుతుందో నాలుక.

తొమ్మిదో కుర్చీ అడిగింది, ఇచ్చాను.
ఆరు వారాలు, మధ్యలో మూడు కుర్చీలు.
సోషల్ వర్కర్ వచ్చి చెరో కరపత్రం ఇచ్చి వెళ్ళింది.
అట్ట మీద రెండు చేతులు కలుసుకుంటున్నాయి.
ఏ చేతికీ ఫిస్ట్యులా లేదు.

ఒక శుక్రవారం, సూదులు తీశాక,
దూది నొక్కిపట్టుకుని ఆయన తొమ్మిది దాకా నడిచాడు.
"బొరెల్లలో, మా సందు మొగలో, అలాగే అడుగుతున్నారు.
నేనక్కడే ఉన్నాను. ఇరవై రెండేళ్ళు.
చేతిలో రొట్టె, ఇంకా వేడిగా ఉంది.
ఏమీ చేయలేదు."

అదే వాక్యం. అక్షరం మారలేదు.
అప్పుడది గొళ్ళెం వేసిన చప్పుడు,
ఇప్పుడు తీసిన చప్పుడు.

ఆమె చాలాసేపు ఆయన మోచేతినే చూసింది.
"కారుతోంది. గట్టిగా నొక్కండి."
ఆ తర్వాత: "వాడి తరఫున క్షమించడానికి నేనెవర్ని?
నా తరఫున కూడా, ఇంకా లేదు."
ఆయన తల ఊపాడు. నిలబడే ఉన్నాడు.
ఆయన టాక్సీ వచ్చి రెండుసార్లు హారన్ కొట్టింది.

సోమవారం మళ్ళీ నాలుగో కుర్చీ కావాలంది.
మధ్య తెర సగం వేయమంది. సగమే.
ఎక్కడి దాకానో చేత్తో కొలిచి చూపించింది.
నేనేం అడగకుండానే
"ఆయనకి చెవుడు" అంది,
"మిషన్ మోగితే మిమ్మల్ని కేకెయ్యాలిగా ఎవరో ఒకరు."

ఆ రాత్రి కార్ పార్కులో తాళం తిప్పకుండా కూర్చున్నాను.
మా ఊరికీ ఒక రాత్రి ఉంది.
కాలువ అవతల పేట. తగలబడినవి గడ్డివాములు కావు.
మా నాన్న ఏమీ చేయలేదు,
ఇంట్లో ఈ మాట ఉప్పంత మామూలు.
నిజమే. చేయలేదు.
ఎవరో పరుగున వచ్చి మా గుమ్మం ముందు ఆగి,
లోపలికి రాకుండా, రొప్పుతూ,
అయ్యా, బాల్చీ ఉందా, అన్నారు.
లేదన్నాడు.
నూతి గట్టు మీద మూడున్నాయి.
నాకు ఆరేళ్ళు.
లెక్కపెట్టడం అప్పటికే వచ్చు.