ముప్పై ఏడు

మొయినాక్ పొలిమేరలో బోర్డు మీద
ఇంకా చేప బొమ్మ ఎగురుతూనే ఉంటుంది.
సముద్రం మాత్రం లేదు.
అప్పు తీర్చలేక ముఖం చాటేసిన బంధువులా
ఎక్కడో ఎడారి అవతలికి జరిగిపోయింది.

పేరిజాత్ ఆ ఊళ్లోనే పుట్టింది.
పేరు వింటే మనకో పువ్వు తోస్తుంది,
అక్కడ ఆ పువ్వునెవరూ చూసి ఉండరు.

పదిహేడో ఏట చేపల డబ్బాల కార్ఖానాలో చేరింది.
డబ్బాకు మూత బిగించడం పని.
షిఫ్టుకు నాలుగు వేల మూతలు.
లెక్క తప్పితే వేళ్లు చెప్పేవి, తెగి.
సంతోషంగా ఉన్నావా అని
ఆ రోజుల్లో ఆమెనెవరూ అడగలేదు.
అడిగే తీరికా లేదు, చెప్పే తీరికా లేదు.
జడలో చేప వాసన,
జీతం రోజున చంకలో ఒక పుచ్చకాయ,
పక్క బల్ల దగ్గర సర్బినాజ్ చెప్పే మోటు జోకులు.

తర్వాత నీళ్లు వెనక్కి నడిచాయి.
కొన్నాళ్లు ఏ దూరపు సముద్రాల చేపలో
గడ్డకట్టి రైల్లో వచ్చేవి,
పరాయి ఊరి శవాల్లా.
తర్వాత అవీ లేవు.
గేటుకు తాళం.

పదకొండేళ్లు.
పొద్దున్నే కిటికీ గట్టు మీద
ఉప్పు దుమ్ము తుడవడం.
మధ్యాహ్నానికి మళ్లీ తుడవడం.
టీ కాచడం, చల్లారనివ్వడం.
నుకుస్‌లో డాక్టరు నాడి పట్టి చూసి
"నీకే జబ్బూ లేదమ్మా" అన్నాడు.
అదే తన జబ్బని ఆమెకు తెలుసు,
ఆయనకెలా చెప్పాలో తెలియలేదు.

ఒక నవంబరులో వీధిలోకి ట్రాక్టరొచ్చింది.
సముద్రం అడుగున సక్సౌల్ మొక్కలు నాటాలి,
చేతులు కావాలి, అన్నాడు ఐత్‌మురాత్.
"కూలెంత?"
"తక్కువే."
చలికాలం బొగ్గుకైనా వస్తుందని ఎక్కింది.
అంతకు మించి ఏమీ లేదు, నిజం.

చీపురు పుల్లల్లాంటి మొక్కలు.
ఆకుల్లేవు, ఆశా లేదు.
గవ్వలు కలిసిన ఇసుకలో పార దించుతుంటే
ఎక్కడున్నదో గుర్తొచ్చింది.
నాన్న వల విసిరిన చోటిది.
తల మీద నాలుగు నిలువుల నీళ్లుండాల్సిన చోట
మోకాళ్ల మీద కూర్చుని ఉంది తను.
తిన్న ఉప్పు ఇక్కడిదే.
గాలికి లేచి మనవల ఊపిరితిత్తుల్లోకి
పోతున్న ఉప్పూ ఇక్కడిదే.
ఏమీ అనలేదు.
మట్టి గట్టిగా అదిమింది,
డబ్బాకు మూత బిగించినట్టు.

వసంతంలో లెక్క చూశారు.
ఆమె వరసలో నూటికి ముప్పై ఏడు బతికాయి.
"బాగానే వచ్చింది" అంటూ
ఐత్‌మురాత్ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆదివారం ట్రాక్టరు లేదు, కూలీ లేదు.
రొట్టె ముక్క, నీళ్ల సీసా మూటగట్టుకుని
మూడు గంటలు నడిచింది.
ఒకటి రెండు తప్పు లెక్కపెట్టారేమోనని.
వంగి, ఒక్కో పుల్లనీ గోటితో గీరి
లోపలి పచ్చదనం చూసింది.
నాలుగు వేలు అలవోకగా లెక్కబెట్టిన వేళ్లు
ముప్పై ఏడు దగ్గర ఆగి
కాసేపు వణికాయి.

ముప్పై ఎనిమిదోది దొరికింది,
అది వేరేవాళ్ల వరసలోది.
దాని మొదట్లోనూ
సీసా అడుగున మిగిలిన నీళ్లు పోసింది.

ఆ రాత్రి టీ వేడిగా తాగింది.
నిద్ర పట్టిందని
తెల్లారాక గాని తెలియలేదు.

ఇప్పుడామెకు అరవై నాలుగు.
కొత్తగా వచ్చే పిల్లల్ని బాగా తిడుతుంది.
మోకాలు నొప్పి, రెండు పళ్లు లేవు,
కొన్నేళ్లు మొక్కలన్నీ పోతాయి,
ఆ ఏళ్లలో ఎవరితోనూ మాట్లాడదు.
నవంబరు రాగానే పార నూరుకుంటుంది.

మొన్న రాజధాని నుంచొక కుర్రాడు
కెమెరా మెళ్లో వేసుకుని వచ్చాడు.
చాలాసేపు ఆమె వెంట తిరిగి
చివరికి మెల్లగా అడిగాడు,
"అమ్మమ్మా, నువ్వు ఆనందంగా ఉన్నావా?"

ఆమె తలెత్తలేదు.
"కాస్త జరుగు నాయనా,
నీ కాలి కింద మొక్కుంది."

కుర్రాడు గబుక్కున కాలెత్తాడు.
ఎటు చూసినా పుల్లలే.
ఎక్కడ దించాలో తెలియక
సముద్రం మధ్యలో
ఒంటికాలి మీద అలాగే నిలబడ్డాడు.