మర్యాద

గ్రామసభల నేను దుబాసిని.
రోజుకు మూడు వందలు, ఒక చాయ.
మరాఠీ చెవిలకు వస్తది, తెలుగు నోట్లకెల్లి పోతది.
నడుమ నేను ఉండొద్దన్నది ఒప్పందం.

సిరొంచకు అవతల, ప్రాణహిత ఒడ్డు మీది బడి వరండాల
నాగపూర్ నుంచి వచ్చిన వైరాగడే సాయబు
గోడకు నక్ష కొట్టి ఎర్ర గీత మీద వేలు పెట్టిండు.
నీళ్ళు ఈడిదాకనే వస్తయి.
కమిటీ తేల్చింది. అందరూ తజ్ఞులే.

తజ్ఞులంటే ఏమని చెప్పాలె?
"తెలిసినోళ్ళు" అన్న.
పడవ నడిపే దుర్గం ఓదెలు తువ్వాల దులిపి లేచిండు.
"ఏం తెలిసినోళ్ళు?"
నేను తిప్పి చెప్పిన.
సాయబు నా దిక్కే ఉరిమి చూసిండు,
ఆ ప్రశ్న నా కడుపులనే పుట్టినట్టు.

"నక్షల నది నీలం.
మా నది శ్రావణంల ఎర్రగుంటది, మాఘంల పచ్చగుంటది.
పోయిన వరదకు మా కోడలు బియ్యం డబ్బా అటకెక్కిచ్చింది.
అటక మీదికి నీళ్ళు
ఏ కమిటీని అడిగి వచ్చినయి?"

సభ నవ్వింది. సునంద నవ్వలె.
దవాఖాన పని చేసే పిల్ల, మాట సూటిగుంటది.
"కాకా, నీ కొడుకును పాము ముట్టిననాడు
పసరు చాలన్నవు. బతికిచ్చింది ఎవరు?
డాక్టరమ్మకు నది తెల్వది. విషం తెలుసు."

ఓదెలు చానాసేపు నేల చూసిండు.
"నిజమే బిడ్డా.
కానీ ఆమె సూది చూపెట్టింది, మందు పేరు చెప్పింది,
ఎందుకో చెప్పి గుచ్చింది.
వీళ్ళు వెనుకకెల్లి గుచ్చుతున్నరు."

తలండి రాజుబాయి నష్టపరిహారం లిస్టు అడిగింది.
బోర్డుకు పెట్టినమన్నడు గ్రామసేవకు.
అద్దాల బోర్డు. దానికి తాళం.
అద్దం వెనుక కాయితం, కాయితం మీద బల్లి గుడ్లు.
పారదర్శకత, అన్నడు.
ఆ మాటను తిప్పే పని లేదు, రెండు భాషలల్ల ఒక్కటే.
అందుకే ఎవ్వలికీ అర్థం కాలె.

తాళంచెవి దొరికేసరికి పొద్దు వాలింది.
పదో తరగతి పిల్లగాడు కూడబలుక్కుంట చదివిండు.
బల్ల సాంబశివు పటేలు, ఆరెకరాలు.
బల్ల సాంబశివు పటేలు, తొమ్మిది.
ఆయన కొడుకు, ఆయన బామ్మర్ది,
నేను పాడె మోసిన ఆయన మేనత్త.
రాజుబాయి పేరు లేదు.
గుడిసెకు సాత్‌బారా ఉండదట.

అప్పుడు వెనుకవరుసల, అహేరి కాలేజీల చదివే అశ్విని
మరాఠీల ఒక్కటే మాటన్నది:
సంపత్తీలా మర్యాదా హవీ.

నేను నోరు తెరవకముందే ఊరికి అర్థమైపోయింది.
సంపత్తికి మర్యాద కావాలంట!
"ఇంకెంత మర్యాదనే? కుర్చీ ఏసినం,
చాయ ఆయనకే ముందు పోసినం."
పటేలు కండువా సర్దుకొని చల్లగ నవ్విండు.

అక్కడ నేను నడుమకు వచ్చిన.
"మరాఠీల మర్యాదంటే దండం కాదు.
హద్దు."

ఈగ వాలితే వినపడేటంత నిమ్మళం.
పటేలే ముందుగాల తేరుకున్నడు.
"హద్దు ఎవలు పెడతరు? మీరా?
తజ్ఞులను పిలుస్తరా?"
చెప్పొద్దా, ఆ దెబ్బ గట్టిదే.
సునంద కూడ సాయబు దిక్కు చూసింది.
సాయబు నక్ష చుట్టుకుంటున్నడు.

రాజుబాయి చేతులు చాపింది.
తునికాకు జిగటకు నల్లబడ్డ చేతులు.
"కట్టకు డెబ్బై ఆకులు.
అరవైతొమ్మిదైతే కల్లంల అవతల పారేస్తరు,
డెబ్బైఒకటైతే ఆ ఒక్కటి ఉత్తగ పోతది.
నా చేతికి లెక్క పెట్టినోళ్ళకు
ఆయన చెయ్యి కానరాదా?"

దీన్ని మరాఠీలకు తిప్పిన. సరిగ తిప్పిననో లేదో.
చీకటి పడ్డదని సభ లేచింది.

రిజిస్టర్ల ఒక్క వాక్యం రాసిండ్రు:
సభ మర్యాదల ముగిసింది.
దుబాసి సంతకం కావాలన్నరు.
మూడు వందలు జేబుల పెట్టుకొని, చల్లారిన చాయ తాగి
సంతకం పెట్టిన.

ఆ మాట ఏ భాషలదో
నన్ను ఎవ్వలూ అడగలె.