తాళంచెవి

ఫిర్యాదు నంబరు నలభై ఒకటి.
ప్రతివాది మార్లిస్ హౌగెన్, వయసు అరవై రెండు.
సుపీరియర్ సరస్సు ఒడ్డున తొమ్మిది క్యాబిన్లు చూసుకుంటుంది.
ఒక్కటీ ఆమెది కాదు.

నేను లైసెన్సుల ఆఫీసులో గుమాస్తాని.
చదవడం, పేజీ మూలన అంకె వేయడం నా పని.

దుప్పట్లు ఉతకొచ్చు. పొయ్యిలో బూడిద ఎత్తొచ్చు.
గొట్టంలో నీళ్లు గడ్డకడితే
హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని మోకాళ్ల మీద
అర్ధరాత్రి దాకా కూర్చోవచ్చు.
ఎలుగుబంటి చెత్తడబ్బా బోర్లించి పోతే
ఒక్కో కోడి ఎముకా ఏరుకోవచ్చు.
వీటికి లైసెన్సు అక్కర్లేదు.
ధర మాత్రం చెప్పకూడదు,
ఇంకొకరి ఇంటికి, కూలి తీసుకుంటూ.
బేరం కుదర్చకూడదు. అద్దె సొమ్ము ముట్టకూడదు.
దానికి తొంభై గంటల చదువు, ఒక పరీక్ష,
నెత్తిన ఒక బ్రోకరు.

సాక్ష్యం: ఫోను సందేశాలు, పదకొండు పేజీలు.
"వేడినీళ్ల మీట ఎడమకి తిప్పండి."
"ఆ చప్పుడు దెయ్యం కాదు, కప్పు మీంచి మంచు జారుతోంది."
"కుక్కకి పాత తువ్వాళ్లు వాడండి, తెల్లవి వద్దు."
ఏడో పేజీ. నవంబరు పన్నెండు, రాత్రి పదకొండు నలభై.
రోడ్డు మూసేశారు, పిల్లకి జ్వరం,
ఇంకో రాత్రి ఉండొచ్చా, ఎంత?
యజమాని ప్రెంటిస్ ఫీనిక్సులో నిద్రపోతున్నాడు.
మూడుసార్లు ఫోన్ చేసింది, అదీ రికార్డులో ఉంది.
తర్వాత ఆమె జవాబు:
"నూట నలభైకి సరే. ముందు పిల్లకి ఏదైనా తాగించండి."

మొదటి వాక్యం నేరం.
రెండో దాని గురించి చట్టంలో ఏమీ లేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట.
నోటికి లైసెన్సుందా అని సామెత అడగదు.
తాళానికి చెవే పెట్టారు, నోరు పెట్టలేదు.
వినాలి, తిరగాలి, కొక్కేనికి వేలాడాలి.

అలాగని నిబంధన ఊరికే పుట్టలేదు.
ఆరేళ్ల కిందట ఒకడు
తనవి కాని ఇళ్లకు అడ్వాన్సులు పుచ్చుకుని మాయమయ్యాడు.
ఆ ఫైలుకీ అంకెలు వేసింది నేనే.
మంచులో సూట్‌కేసు మీద కూర్చున్న ముసలాయన ఫొటో
ఇరవై మూడో పేజీ.
వాడి కోసం పోసిన తాళం
ఈమె తలుపుకి పడింది.

విచారణలో ఒకే ప్రశ్న అడిగింది.
"మళ్లీ ఎవరైనా అలా అడిగితే ఏం చెప్పను?"
"యజమానిని అడగమనండి."
"ఆయన లేవడు."
సభ్యుడు నీళ్లు తాగాడు.
జరిమానా మూడువందల డాలర్లు.

తాళంచెవుల గుత్తి బల్ల మీద మరిచిపోయింది.
కోటు లేకుండానే పరిగెత్తాను పార్కింగుకి.
కారు అద్దం మీది మంచు
పాత బ్యాంకు కార్డుతో గీకుతోంది.
గుత్తి అందుకుని, జేబులో వేసుకోకుండా, అడిగింది:
"ఆ పరీక్షలో లెక్కలుంటాయా?"
"ఉంటాయి. ఎక్కువగా శాతాలు."
"శాతాలా," అంది,
మళ్లీ గీకడం మొదలుపెట్టింది.