కోత

తెల్లారగట్ల నాలుగున్నరకి,
నర్సాపురం కాలవ మీద మంచు విచ్చకముందే
ఆవిరి వదులుతాను.
రాగి పాత్ర మెల్లగా గొంతు సవరించుకుంటుంది.
గుడి కలశాలు కొట్టే మావుళ్ళాచారి చేతి పని అది.
"రాగి పాపం మింగుద్దబ్బాయ్, అందుకే నల్లబడుద్ది" అన్నాడు
డబ్బు లెక్కపెట్టుకుంటూ.

లోపల రాత్రంతా నానిన సరుకు:
హిమాచలం నుంచి గోనెలో దిగిన హపుష కాయలు,
మిరియాలకి పెద్దన్నల్లా ఉంటాయి;
పలుకు విరిచిన ధనియాలు;
పిన్ని పెరటి దబ్బకాయ తొక్క,
తెల్లపొర ఒక్క పిసరు మిగిలినా చేదే;
చేలో కలుపని పీకి గట్టు మీదికి విసిరే తుంగ గడ్డలు
ఎండబెట్టినవి, గుప్పెడు.
మొగలిరేకు మాత్రం ఒక్కటే.
రెండోది వేస్తే పెళ్ళివారి అత్తరైపోద్దండి.

స్పిరిట్ నూకలది.
మిల్లులో బియ్యం విరిగితే రాలేవి,
మా అమ్మ పేరులో ఉన్నవి.
నూకరత్నం.

చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులకి కంపెనీవారు చెప్పే కథ వేరు:
అద్దకం గుడ్డల కోసం ఒలందా ఓడలొచ్చాయట,
జ్వరాలకి భయపడి దొరలు
ఈ కాయల సారానే సీసాల్లో తెచ్చుకున్నారట.
నిజమో కాదో.
సమాధి రాళ్ళ మీద తాగుడు సంగతి రాయరు కదా.

నేను చెప్పని కథలో
మా నాన్న తాతబ్బాయి ఉంటాడు.
లంకలో, రెల్లు దుబ్బుల వెనక,
కుండ మీద కుండ బోర్లించి
బెల్లం, తుమ్మచెక్క కాచేవాడు.
వెదురు గొట్టం. చల్లార్చేది గోదారి.
మొదటి చుక్కల్ని "పిచ్చిది, పారబొయ్యి" అనేవాడు.
ఒక్కోసారి పారబొయ్యలేదు.
గేదెల బేరగాడు కామేశు ఆ ఒక్కోసారిలో తాగాడు.
చూపు పోయి
ఇరవై ఏళ్ళు మా గుమ్మం ముందునించే
కర్ర తాటించుకుంటూ నడిచాడు.

ఎక్సైజు వాళ్ళకంటే ముందే అమ్మ కుండలు పగలగొట్టింది.
ఆ ఏడు వరదకి
పొయ్యి ఉన్న నేల కూడా ఏటికోతకి పోయింది.

ఇప్పుడు సర్కిలు గారు నా బల్ల దగ్గరే కాఫీ తాగుతారు.
తాళం ఆయనది, ముక్కు నాది.

కొంగమెడలా వంగిన గొట్టం దాటి
ఆవిరి చుక్కై రాలుతుంది.
ముందు గోళ్ళరంగు వాసన. దీన్ని తల అంటారు.
"ఇంకాస్త ముందే కొయ్యొచ్చుగా, ఆరు లీటర్లు మిగులు"
అంటాడు మేనేజరు.
లెక్క తప్పు కాదు. కళ్ళు తీసే విషం ఇందులో లేదని
లాబు కాగితం గోడకే ఉంది.
అయినా నాకు
కర్ర చప్పుడు ఆగేదాకా కుళాయి తిరగదు.

తరవాత, ఏ క్షణమో చెప్పలేను,
దబ్బతొక్క తలుపు తీస్తుంది.
వెనకే ధనియం, ఆ వెనక ఎక్కడో కొండగాలి,
అడుగున తడిమట్టిలా తుంగ.
గుండె ఇదే.
మీటరు తన అంకె తను చెబుతుంది.
నేను రెండు వేళ్ళ మధ్య రుద్ది, మళ్ళీ రుద్ది, కూర్చుంటాను.
తడిసిన గోనె వాసన తగిలిందా,
కోసేస్తాను.

మూడు వారాలు ఊరికే ఉంచాలి.
నీళ్ళు చుక్కచుక్కగా కలపాలి,
తొందరపడితే కలికడుగులా తెల్లబడి కూచుంటుంది.

మొదటి సీసా అమ్మకి చూపించాను.
ధర విని నవ్వింది. తాగదు.
బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపటికి "తుంగ" అంది.
ఇంకాసేపటికి
"ఎంత పారబోశావు?"

పద్నాలుగు లీటర్లని చెప్పాను.

బిరడా తనే బిగించి,
చేట తీసుకుని
నూకలు చెరగడానికి అరుగు మీదికి వెళ్ళింది.